మా బావ అగ్గిగోడ

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా బావ కళ్ళు చిన్నవి. బతికున్నప్పుడూ చిన్నవే, పాడె మీద మూసినప్పుడూ చిన్నవే. ఆయన పోయి ఏడాది కావస్తున్నా నా లెక్కలో అవి పిసరంత కూడా పెరగలేదు. దినాల నాడు భోజనాల దగ్గర మా చుట్టాలంతా "ఎంత జాగ్రత్త మనిషి! ఎంత ముందుచూపు!" అని విస్తళ్ళ ముందు తలలూపుతుంటే నేను పప్పన్నం కలుపుకుని తిన్నాను. నోట్లో ముద్ద ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చాడంటే, నేను నల్లగొండలో కంప్యూటర్ నేర్పి బతుకుతున్నాను. మొన్న మా సెంటరుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఒకదానికి ఇంటర్నెట్ తగిలించానో లేదో, తెర మధ్యలో చిన్న పెట్టె లేచింది. ఫలానా ప్రోగ్రాము బయటికి పోవాలంటోంది, పోనివ్వాలా, ఆపాలా? అంతే, నా చెవి పక్కన ఆయన గొంతు. "ఎవలది? ఏడికెల్లి వచ్చింది? ఎవలోళ్లు?" మనిషిని కాల్చి బూడిద కలిపి వచ్చాం గాని ఆ గొంతు మాత్రం ఎక్కడా కలవలేదు.

ఆయన మా అక్క మొగుడు. పోచంపల్లిలో సొంతిల్లు, ఇంట్లో మగ్గాలు, చేతి కింద ఇద్దరు ముగ్గురు నేతగాళ్ళు. ఆయనను తలుచుకుంటే నాకు ముందు ఆ ఇంటి గుమ్మమే కళ్ళ ముందుకొస్తుంది. రెండు చేతులూ దర్వాజకు చెరో పక్క ఆనించి, పొట్ట ముందుకు పెట్టి, గడ్డం ఒక్కసారి పైకెగరేసి "ఏంది సంగతి?" అనేవాడు. పాలవాడు వచ్చినా అదే మాట, కరెంటు బిల్లు మనిషి వచ్చినా అదే మాట, పిల్లనిచ్చిన ఇంటివాళ్ళం మేం పోయినా అదే మాట. నేను ఆ ఇంటి చాయ అరుగు మీద కూర్చునే తాగాను. ఆయన గుమ్మం వదిలేవాడు కాదు కాబట్టి మా అక్క లోపలి నుంచి ఆయన చంక కిందుగా చేయి చాపి గ్లాసు అందించేది. గాజుల చేయి, గ్లాసు, పైన ఆయన చంక. మా అక్క కాపురం ఎలా ఉందని మా అవ్వ అడిగినప్పుడల్లా నాకు అదే కనిపించేది, "మంచిగనే ఉన్నది అవ్వా" అనేవాణ్ణి.

ఎందుకింత అనుమానమయ్యా అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒక కథ ఉండేది. వాళ్ళ నాయిన కాలంలో పట్నం సేటు ఒకడు వచ్చి, ఇంట్లో కడుపునిండా తిని, మగ్గం మీది చీర చూసి పోయి అదే బొమ్మను ఇంకో ఊళ్ళో నేయించాడట. నిజమే కావచ్చు. ఆ సేటు తిన్న అన్నం గురించి ఎన్నిసార్లు విన్నానో, ఆ నాడు ఏం కూర చేశారో కూడా నాకు కంఠతా వచ్చు. కాని సేటు చేసిన పాపానికి మా అక్క ఎందుకు ఆ చంక కింద నిలబడాలో ఆ కథలో ఎక్కడా ఉండేది కాదు.

బావకు బొమ్మ రాదు. సున్నా గీయమంటే కోడిగుడ్డు గీసే రకం. రంగు అద్దడం వచ్చు, అది ఒప్పుకోవాలి, ఆ చేతికి నలుపు నలుపులాగే వచ్చేది. బొమ్మ మాత్రం మా అక్కది. చిన్నప్పుడు మా ఊళ్ళో కూడా మగ్గాలే కాబట్టి ఆమెకు ఆ పని తల్లిగారింటి నుంచే వచ్చింది. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఒక్కో గడి నింపుకుంటూ పోయేది. పోచంపల్లి చీర సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. బొమ్మను నేసేటప్పుడు పెట్టరు. నేయకముందే నూలు మీద గుర్తులు పెట్టి, ఆ గుర్తుల ప్రకారం చిటికీలు కడతారు, అంటే నూలును పోగులు పోగులుగా గట్టిగా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. అంటే చీర మగ్గమెక్కక ముందే బొమ్మంతా నూలులో ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి, మా బావ మరిచిపోయింది ఇదే.

కొనేవాళ్ళు వచ్చి "డిజైన్ ఎవరిది?" అంటే ఆయన "ఎవలదేంది, మనదే" అనేవాడు. ఆ మనలో మా అక్క ఏ మూల ఉండేదో ఆయనకే తెలియాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా సెంటరులో తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి, దాని కెమెరాతో సహా, అక్కకు తెచ్చిచ్చాను. గళ్ళ కాగితం పని తెర మీద చేయడం ఆమె చూస్తుండగానే పట్టేసింది. తప్పొస్తే రబ్బరు పెట్టి రుద్దే పని లేదని చిన్నపిల్లలా మురిసింది. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. దానితోపాటు మా బావకు నిద్ర పోయింది. పేపరులో ఏదో చదివాడు, తీగల్లోంచి దొంగలు వస్తారని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నల్లగొండలో మా ఇంటికి తనంతట తాను వచ్చాడు. నేను గుమ్మంలో అడ్డం నిలబడలేదు. కుర్చీ వేశాను.

"బామ్మర్ది, గా తీగెలకెల్లి వస్తరంట గద. మన బొమ్మలన్ని దాంట్లనే ఉన్నయ్. ఎట్ల?" అన్నాడు.

"కావలి పెడదాం బావా. ఫైర్‌వాల్ అంటరు. మన భాషల అగ్గిగోడ అనుకో. బయటికెల్లి ఎవలు లోపలికి రావాలన్నా, లోపలికెల్లి ఏది బయటికి పోవాలన్నా ముందుగాల నిన్నడుగుతది."

"నన్నా?"

"నిన్నే."

"నేను వద్దంటే?"

"ఆడనే ఆగుతది."

"మల్ల మల్ల అడుగుతదా?"

"కింద చిన్న డబ్బ ఉంటది. దాంట్ల టిక్కు పెడితే నువ్వు చెప్పిన మాట ఎప్పటికీ యాది పెట్టుకుంటది. ఇగ అడగదు."

ఆ కళ్ళు కాస్త పెద్దవి కావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నన్నడిగినంకనే!" అని తనలో తాను అనుకున్నాడు. ఊళ్ళో ఆయనను ఏదీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలుసు.

పెట్టించింది నేనే. దానికి నాకు బాధేమీ లేదు. కత్తి అమ్మినవాడు కూర తరుక్కోవడానికే అమ్ముతాడు. ఆ రోజు ఆయన కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టాడు. తెరకు బొట్టు పెట్టాడు. నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి వేలాడగట్టాడు. ఇంత చేసి నన్ను పక్కకు పిలిచి "గీ కావలి చేసినోళ్లు మంచోళ్లేనా? మనకెరికున్నోళ్లేనా?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆ గదికి తాళం పడింది. తాళం చెవి ఆయన మొలతాడుకు చేరింది. అక్క బొమ్మ గీసుకోవాలంటే ముందు మొలతాడు దగ్గరికి పోవాలి.

ఇక ఆ పెట్టె లేచినప్పుడల్లా ఇంట్లో జరిగే తంతు ఇది. తెర మీది ఇంగ్లీషు ఆయనకు రాదు. అక్క ఇంటర్ దాకా చదివింది. "చదువు, ఏమంటాందో" అనేవాడు. అక్క చదివి చెప్పేది. ఆయన మౌసును పారిపోయే కోడిపిల్లను పట్టినట్టు రెండు చేతులా అదిమి పట్టి, ఆపమనే చోట నొక్కేవాడు. ఆ తర్వాత కింది డబ్బలో టిక్కు. టిక్కు పెట్టడంలో ఆయన ముఖం చూడాలి, పీకల దాకా తిన్నవాడి తృప్తి.

ఒకసారి నేను కిటికీ అవతల అరుగు మీద ఉండి విన్నాను.

"గడియారం సరి చేసుకునేటందుకు పోతనంటాంది" అన్నది అక్క.

"టైము చెప్పేటందుకు బయటోడెందుకు? గోడకు గడియారం లేదా?" టిక్కు.

"గిదేమో కంప్యూటర్‌కు రోగాలు రాకుండ మందు తెచ్చుకుంటదంట."

"మనింట్ల ఎవలకు రోగమున్నది?" టిక్కు.

గడియారం తప్పింది, ప్రింటరు పలకడం మానేసింది, మందు తెచ్చుకోనివ్వని కంప్యూటరు రోగంతో మూలిగింది. బాగు చేయడానికి నేను బస్సెక్కి వెళ్తే గుమ్మంలో గడ్డం ఎగరేసి "ఏంది సంగతి?" అనేవాడు. పిలిపించింది తనే!

సాయంత్రం చాయ హోటల్లో కూర్చుని చెప్పే కోతలు వేరు. "ఇయ్యాల ఇద్దర్ని ఆపిన. ఒకడైతే మల్ల మల్ల వచ్చిండు. నేను ఇడుస్తనా?" అని మీసం దువ్వేవాడు. వినేవాళ్ళు అమెరికావాళ్ళో చైనావాళ్ళో వచ్చి ఆయన చేతిలో దెబ్బలు తిని పోయారనుకునేవాళ్ళు. దెబ్బలు తిన్నది పాపం ప్రింటరు.

ఒకనాడు ఓపిక చేసుకుని నచ్చజెప్పబోయాను. "కావలోడంటే వచ్చినోన్నల్లా కొట్టేటోడు కాదు బావా. ఎరికున్నోళ్లను పోనిచ్చేటోడు."

"నాకెరికున్నోళ్లు ఎవలున్నరు బామ్మర్ది?" అన్నాడు.

మనిషి అన్నవాడు ఆ మాట అంటే నాకు జాలి కలగాలి. కలగలేదు. ఆయన ఆ మాటను కూడా గొప్పగానే అన్నాడు.

ఆ రోజుల్లోనే అక్క వానబండ గీసింది. మా ఊరి పక్కన బోడగుట్ట ఉంది. ఎండాకాలం చివర మొదటి చినుకులు పడినప్పుడు కాలే బండ మీద నల్లటి మచ్చలు లేస్తాయి, చూస్తుండగానే ఆరిపోతాయి. ఆరేలోపు తొక్కాలని చిన్నప్పుడు మేమిద్దరం ఒంటికాలి మీద ఎగిరేవాళ్ళం. అక్క దాన్ని పట్టింది. బండ రంగు మీద చినుకు మచ్చలు, పైట దగ్గర ఎడంగా, అంచుకు పోయేకొద్దీ దగ్గరగా. చిటికి కట్టిన నూలుకు అంచులు కొద్దిగా చెదురుతాయి కదా, ఆ చెదరడమే వాన అయింది. మొదటి చీర మగ్గం దిగిననాడు నేను దాన్ని ముట్టుకుని చేయి తడిసిందేమోనని చూసుకున్నాను. అక్కకు చెప్తే నవ్వి "గట్లనే అనిపియ్యాల్నని గీసిన తమ్మీ" అంది.

బావ ఆ చీర విలువ కనిపెట్టాడు. కనిపెట్టి ఏం చేశాడు? కంప్యూటరు గదికి రెండో తాళం వేశాడు.

మర్నాడు పొద్దున నేను అరుగు మీద చాయ తాగుతున్నాను. ఎదురుగా గల్లీలో ఆ చివర నుంచి ఈ చివర దాకా వానబండ పడుగు పరిచి ఉంది. రంగు అద్దిన నూలును పోగులు విడదీసి సరిచేయడానికి గల్లీ పొడవునా లాగి కట్టడం మా వాళ్ళ అలవాటు, ఇళ్ళలో అంత జాగా ఎక్కడిది? చినుకు చినుకూ కనిపిస్తోంది. మోటారు సైకిల్ మీద ఇద్దరు మనుషులు వచ్చి ఆగారు. "పెద్దాయనా, ఏం పనితనం! నీ చేతిదేనా?" అన్నారు. పెద్దాయన అనే మాట వినగానే మా బావ గుమ్మం వదిలాడు. నా కళ్ళతో చూశాను, దర్వాజ వదిలి గల్లీలోకి దిగాడు! పడుగు చివరి కర్ర తన చేత్తో పట్టుకుని ఎత్తి చూపాడు. ఏ రంగు ఎన్నిసార్లు ముంచాలో, ఎక్కడ కట్టు విప్పాలో చెప్పాడు. వాళ్ళు ఫోన్ తీస్తే తల దువ్వుకుని, కర్ర పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నిలబడ్డాడు. పక్కనే మొలతాడుకు రెండు తాళం చెవులు గలగలలాడుతున్నాయి.

వాళ్ళు పోయాక నేనుండబట్టలేక అన్నాను. "బావా, కంప్యూటర్లకెల్లి ఒక్క గీత బయటికి పోనియ్యవు. గల్లిల చీరంత పరిచి, నిలబడి ఫోటో దిగినవ్ గదనే!"

ఆయన నన్ను చూసిన చూపు తెలివితక్కువ పిల్లవాణ్ణి చూసినట్టుంది. "గల్లి మనదిరా. గల్లిలకు దొంగలెందుకొస్తరు? దొంగలు తీగెలకెల్లి వస్తరు" అన్నాడు.

ఇదీ మా వాళ్ళు మెచ్చుకున్న ముందుచూపు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పట్నంలో బొమ్మల చదువు చెప్పే కాలేజీ నుంచి ఒక మేడం వానబండ చూడ్డానికి వచ్చింది. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాడు బావ. "గీసింది ఎవరండీ?" అంటే "మనమే" అన్నాడు. లోపలి నుంచి అక్క "నేను గీసిన" అంది, సన్నగా. బావ వెనక్కి తిరిగి చూశాడు. అక్క చేయి గ్లాసుతో సహా వెనక్కి పోయింది. కాని మేడం విన్నది.

లాక్‌డౌన్ వచ్చింది. ఆ మేడం ఎలాగో నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. కాలేజీలో పిల్లలకు చిటికి బొమ్మ నేర్పేవాళ్ళు కావాలి, మీ అక్కగారు వీడియోలో పెద్దలతో మాట్లాడాలి, తెర మీద బొమ్మ చూపిస్తూ ఎలా గీశారో ఆమె నోటితో చెప్పాలి అంది. అక్కకు చెప్పాను. ఆమె దగ్గర ఉన్నది మీటల ఫోన్, ఇంట్లో తెర ఫోన్ బావ చొక్కా జేబులో ఉండేది. అంతా విని అంది:

"తమ్మీ, నౌకరి రాకున్నా మంచిదే. ఒక్కపారన్న నా నోటితోని చెప్పాల్నని ఉన్నది, గిది నేను గీసిన అని."

నా కంటే పెద్దది, కాపురానికి పోయి జుట్టు నెరిసింది, ఆమె అడిగిన కోరిక ఇంత. నేను వీడియో ప్రోగ్రాము ఎలా పెట్టుకోవాలో ఫోన్‌లో నేర్పాను. ఆ రోజు రోడ్లు మూసి ఉన్నాయి, నేను పోలేను. అక్క మీటల ఫోన్‌ను స్పీకరులో పెట్టి కంప్యూటరు పక్కన పెట్టుకుంది, నేను ఇక్కడి నుంచి చెప్పడానికి. బావ తాళం తీశాడు, తీసి తనూ లోపలే కూర్చున్నాడు. ఆయన కుర్చీ కిర్రుమనడం నాకు నల్లగొండలో వినిపించింది.

"ఇగో, డబ్బ లేచింది" అన్నది అక్క.

"చదువు, ఏమంటాందో."

అక్క గొంతు సవరించుకుంది. "మనిషి మొఖం, గొంతు బయటికి పోవాలె, పోనియ్యాల్నా అని అడుగుతాంది."

"ఎవల మొఖం?"

"నాదే."

"బావా, పోనియ్యి, మేడం కూసున్నది ఆడ!" అని నేను అరిచాను.

"నువ్వాగు బామ్మర్ది. గది నిన్ను అడుగుతలేదు, నన్నడుగుతాంది" అన్నాడు. తర్వాత టక్‌మని ఒక చప్పుడు. ఒక క్షణం ఆగి ఇంకో టక్. రెండోది టిక్కు. ఎప్పటికీ యాది పెట్టుకోమని.

నేను అరవడం ఆపలేదు. ఏమేమి తిట్టానో ఇక్కడ రాయలేను. అటు నుంచి అక్క గొంతు వచ్చింది, మామూలుగా. "పోనియ్యి తమ్మీ. పొయ్యి మీద బువ్వున్నది, మాడుతది." ఫోన్ కట్టయింది. మేడం ఎదురుచూసి, ఇంకెవరినో పెట్టుకుంది. ఆ మనిషి మీద నాకున్న కొద్దిపాటి చుట్టరికపు మర్యాద ఆ రెండో టక్‌తో పోయింది. ఈ రోజు దాకా తిరిగి రాలేదు.

దేవుడున్నాడో లేడో గాని గుట్ట మీద నరసింహస్వామికి హాస్యం తెలుసు. గుళ్ళు తెరిచాక మొక్కు తీర్చుకోవడానికి బావ యాదగిరిగుట్టకు పోతూ నన్ను తోడు రమ్మన్నాడు. అక్క మాట కోసం పోయాను. దర్శనం చేసుకుని కిందికి వచ్చాం. దుకాణాల వరుసలో కంకణాలు, కుంకుమ పొట్లాల పక్కన చీరలు వేలాడుతున్నాయి. వాటి మధ్య వానబండ. పాలిస్టరు గుడ్డ మీద అచ్చు కొట్టిన వానబండ. ఒకటి కాదు, కట్టలకు కట్టలు.

బావ ముఖం పాలిపోయింది. "గిది ఏడికెల్లి వచ్చింది?" అని దుకాణంవాడి మీదికి పోయాడు.

"బయటికెల్లి మాల్ వస్తది సార్. అసలుసిసలు పోచంపల్లి డిజైను. నమ్మకుంటే చూడు, నేసినాయన ఫోటో కూడ పంపిన్రు" అని వాడు ఫోన్ తీసి చూపించాడు.

గల్లీ. పడుగు. కర్ర పట్టుకుని, తల దువ్వుకుని, పళ్ళన్నీ బయటపెట్టిన మా బావ.

దుకాణంవాడు ఫోటో వంకా ఈయన వంకా చూశాడు. ఇప్పుడైనా, ఈ ఒక్కసారైనా ఈ మనిషి సిగ్గుపడితే నేను అన్నీ మరిచిపోతాననుకున్నాను, ఒట్టు. బావ ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఫోటో మంచిగనే వచ్చింది" అన్నాడు.

పోచంపల్లిలో బస్సు దిగుతూ అన్నాడు, "కంప్యూటర్లకెల్లే పోయింది. మీ అక్క మాట్లాడత మాట్లాడత అన్నది గద, గప్పుడే పోయింది." మాట్లాడనివ్వలేదు కదయ్యా, నువ్వే ఆపావు కదయ్యా అంటే వినలేదు. ఇంట్లోకి పోయి ఇంటర్నెట్ తీగ పీకి, చుట్ట చుట్టి అటక మీద పడేసి, గదికి రెండు తాళాలూ వేసి, ఇక తీయలేదు. ఆ అచ్చు చీర ఒకటి నేను అక్కకు తెచ్చిచ్చాను. ఆమె కోప్పడలేదు. వెలుతురులోకి తీసుకుపోయి వేలితో ఒక మచ్చ చుట్టూ రాసింది. "చుక్కను గట్టిగ కొట్టిన్రు తమ్మీ. వాన గట్ల గట్టిగ ఉండదు" అంది. ఆ తర్వాత ఆమె కొత్త బొమ్మ గీయలేదు. గళ్ళ కాగితాన్నీ ముట్టలేదు.

బావ గుండెపోటుతో పోయాడు. దవాఖానకు తీసుకుపోయిన రోజు దర్వాజ దగ్గర కావలివాడు చేయి అడ్డం పెట్టి "ఎవలోళ్లు? అందరు పోవద్దు, ఒక్కరే" అని మమ్మల్ని ఆపాడు. స్ట్రెచరు మీది నుంచి మా బావ వాణ్ణి చూసి మెచ్చుకోలుగా తలూపాడు. ఆయన చేసిన ఆఖరి పని అదే. అక్క ఒక్కతే లోపలికి పోయింది.

మొన్న మా సెంటరులో ఆ పెట్టె లేచి ఆయన గొంతు వినిపించిన రోజే, సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఇప్పుడు తెర ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. "తమ్మీ, జర వచ్చి గా తీగె తగిలిస్తవా? మేడంకు నేనే ఫోన్ చేసిన. వానబండ అనంగనే యాది చేసుకున్నది. రేపు మాట్లాడుదామన్నది."

తెల్లారే పోయాను. గుమ్మం ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ అరుగు మీద కూర్చోబోతే "ఆడ కాదు, లోపటికి రా" అంది. ఇంట్లో కూర్చుని చాయ తాగాను. చాయ అరుగు మీద తాగినంత వేడిగానే ఉంది గాని, దాన్ని తెచ్చిన మనిషి మొత్తం కనిపించింది.

అక్క గది తాళాలు రెండూ తీసింది, నేను అటక మీది తీగ దించి తుడిచి తగిలించాను. తెరకు వేలాడుతున్న నిమ్మకాయ ఎండి గోలీకాయంత అయింది, తీసి పారేశాను. "గా ఫైర్‌వాల్ కూడ తీసెయ్యాల్నా అక్కా?" అని అడిగాను.

"దానిదేం తప్పు? అడిగింది గద పాపం. జవాబు చెప్పినోనిదే తప్పు" అంది.

నిజమే, కావలి ఉండాలి, ఉండనిచ్చాను. బావ ఎప్పటికీ అని పెట్టిన టిక్కులన్నీ తీసేశాను. అందుకు నాకు కలిగిన సంతోషం చెప్పకుండా ఉండలేను, ఆయన దినాల భోజనం కంటే రుచిగా ఉంది. అక్క ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, వానబండ చీర కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. మేడం చెప్పిన వేళకు ప్రోగ్రాము తెరిచాను. పెట్టె లేచింది.

నేను చదవబోయాను. అక్క చేయి ఎత్తి ఆపింది. పెదవులు కదిపి తనలో తాను చదువుకుంది. ఎన్నో ఏళ్ళు పైకి చదివి వినిపించిన మనిషి, మొదటిసారి తన కోసం చదువుకుంది. మౌసు పట్టుకుని పోనిమ్మనే చోట నొక్కింది.

"కింద టిక్కు పెట్టక్కా. ఇగ మల్ల మల్ల అడగదు" అన్నాను.

"వద్దు తమ్మీ. అడగనియ్యి. రోజు అడగనియ్యి. గీ ఇంట్ల నన్ను అడిగేటోళ్లు ఎవలున్నరు?"

తెర మీద మేడం ముఖం వచ్చింది. నమస్తే అమ్మా, బాగున్నారా అంది, ఇంకేదో అడగబోయింది. అక్క ఆమె అడిగేదాకా ఆగలేదు. పైట సర్దుకుని, మా ఊరి గుట్ట మీద ఒంటికాలి మీద ఎగిరేటప్పుడు నన్ను పిలిచేదే, అంత గట్టి గొంతుతో చెప్పింది.

"మేడం, గిది నేను గీసిన."